రెండు లక్షల జీతమూ రెండు లక్షల కాంట్రాక్టూ ఒకటి కావు

మీరు రాసిన వివరాలను ముందుగా ఒకచోట పెడతాను, సమాధానమంతా వాటి మీదే ఆధారపడి ఉంది. మీకు ముప్పై ఆరేళ్లు, జావా బ్యాకెండ్‌లో పదకొండేళ్ల అనుభవం. గచ్చిబౌలిలోని ఒక పెద్ద కంపెనీలో నాలుగేళ్ల ఐదు నెలలుగా పర్మినెంట్ ఉద్యోగం, ఏడాదికి 24 లక్షల సీటీసీ (కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు), అందులో నెలకు 80 వేలు బేసిక్ (మూల వేతనం), తొంభై రోజుల నోటీసు పీరియడ్. మియాపూర్ ఫ్లాటు మీద నెలకు 38 వేల ఈఎంఐ, బడికి వెళ్లే పాప, ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్న భార్య, మీ కంపెనీ ఇన్సూరెన్సులోనే ఉన్న తల్లిదండ్రులు. ఇప్పుడు మాదాపూర్‌లోని ఒక ప్రాడక్ట్ కంపెనీ మిమ్మల్ని స్వతంత్ర కాంట్రాక్టరుగా ఆరు నెలలకు తీసుకుంటామని, నెలకు రెండు లక్షలు ఇస్తామని, పని నచ్చితే పొడిగిస్తామని చెబుతోంది. 24 లక్షలను పన్నెండుతో భాగిస్తే వచ్చేది రెండు లక్షలే కాబట్టి డబ్బులో తేడా ఏమీ లేదని, పైగా స్వేచ్ఛ దొరుకుతుందని రాసి, రాజీనామా చేయవచ్చా అని అడిగారు.

చేయవచ్చు, కానీ వాళ్లు చెప్పిన రేటుకు చేయకూడదు. తేదీ కూడా వాళ్ల తొందరను బట్టి కాక మీ లెక్కను బట్టి ఖాయం కావాలి. నేను ఉద్యోగం వదిలి డేటాబేస్ పనులు సొంతంగా చేసుకోవడం మొదలుపెట్టి పదేళ్లు దాటింది. ఈ కాలంలో ఇదే దారిన వెళ్లి మళ్లీ ఉద్యోగం వెతుక్కున్నవాళ్లను చాలామందిని చూశాను; వాళ్లలో పని చేతకాక వెనక్కి వచ్చినవాళ్లు అరుదు. పని చేసిన రోజుకూ డబ్బు చేతికందిన రోజుకూ మధ్య ఉండే దూరాన్ని మోయలేక వచ్చినవాళ్లే ఎక్కువ. క్లయింటు బిల్లు కట్టినా కట్టకపోయినా, ప్రాజెక్టు ఉన్నా బెంచి మీద ఉన్నా, మీరు వారం రోజులు జ్వరంతో పడుకున్నా నెలాఖరుకు జీతం పడుతోందంటే, ఆ దూరాన్ని ఇన్నాళ్లూ కంపెనీ తన డబ్బుతో పూడుస్తోందని అర్థం. కాంట్రాక్టరుగా మారిన రోజు నుంచి దాన్ని పూడ్చవలసింది మీ ఇంటి డబ్బే. రేటు, పన్ను, ఒప్పందం, ఇన్సూరెన్సు గురించి కింద చెప్పేదంతా ఈ ఒక్క విషయాన్ని చూసి చెబుతున్నదే.

అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోండి. మన దగ్గర కాంట్రాక్టు ఉద్యోగం పేరుతో జరిగే నియామకాల్లో ఎక్కువ భాగం నిజానికి ఏదో ఒక స్టాఫింగ్ కంపెనీ పేరోల్ మీద జరిగేవే. అందులో పీఎఫ్ కోస్తారు, జీతం కిందే టీడీఎస్ (చెల్లించేవాళ్లు ముందే మినహాయించే పన్ను) పడుతుంది, పే స్లిప్పు వస్తుంది. మీరు చట్టం దృష్టిలో ఉద్యోగే, కాకపోతే ఉద్యోగం ఇచ్చింది మరొకరు. మీకు వచ్చినది అది కాదని మీరు రాసినదాన్ని బట్టి అనుకుంటున్నాను గానీ, ఒక్క వాక్యంలో వాళ్లనే అడిగేయండి: టీడీఎస్ జీతం కింద కోస్తారా, ప్రొఫెషనల్ ఫీజు కింద కోస్తారా? మొదటిదైతే కింద చెప్పే పన్ను లెక్క మీకు వర్తించదు. రెండోదైతే నేరుగా మీకూ ఆ కంపెనీకీ మధ్య ఒప్పందం ఉండాలి, మీరు ఇన్వాయిస్ ఇవ్వాలి. మరో మాట కూడా ఇక్కడే. ఇన్వాయిస్ మీ పేరు మీద ఉన్నా, వాళ్ల లాప్‌టాప్ వాడుతూ, వాళ్ల వేళల్లో కూర్చుని, సెలవుకు వాళ్ల మేనేజరు అనుమతి తీసుకుంటూ పనిచేస్తే, అది ఉద్యోగమేనని పన్ను అధికారులో పీఎఫ్ అధికారులో రేపు అనడానికి అవకాశం ఇచ్చినట్టే. ఏ పని ఎప్పటికి అప్పగించాలో ఒప్పందంలో ఉండాలి. ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్లాలో ఉండకూడదు.

ఇక రేటు. ఏడాదికి 365 రోజుల్లో శని, ఆదివారాలు 104 తీసేస్తే 261 మిగులుతాయి. పండుగలకు పన్నెండు, ఊరికీ పెళ్లిళ్లకూ సెలవులకూ ఇరవై, ఒంట్లో బాగాలేనివి ఐదు తీసేస్తే 224. ఇందులో నాలుగో వంతు ఎవరూ డబ్బివ్వని పనికి పోతుంది: కొత్త పని వెతకడం, కొటేషన్లు, ఇన్వాయిస్‌లు, ఫాలో అప్ ఫోన్లు, కొత్త టెక్నాలజీ నేర్చుకోవడం, రెండు కాంట్రాక్టుల మధ్య ఖాళీ. మిగిలేవి 168 రోజులు. మీ 24 లక్షలకు సొంత ఇన్సూరెన్సు, లాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ చందాలు, ఆడిటర్ ఫీజు, అప్పుడప్పుడూ కో-వర్కింగ్ అద్దె కలిపి మూడు లక్షలు జోడించండి. 27 లక్షలను 168తో భాగిస్తే రోజుకు 16 వేల చిల్లర వస్తుంది. నెలకు ఇరవై ఒక్క పనిదినాల చొప్పున చూస్తే రెండు లక్షలంటే రోజుకు తొమ్మిదిన్నర వేలే. ఉద్యోగంలో మీకు సెలవు రోజుకు కూడా డబ్బు వస్తున్నదని మరిచిపోవడం వల్ల రెండూ సమానంగా కనిపించాయి. ఆరు నెలలు పూర్తి కాలం పని ఖాయమంటున్నారు కాబట్టి ఖాళీ రోజుల భారం కొంత తగ్గించి, నెలకు మూడు లక్షలు అడగడం సమంజసమని నా అభిప్రాయం. రోజుకు 14 వేల పైచిలుకు అవుతుంది. అది అత్యాశేమీ కాదు. ఇదే పనికి ఆ కంపెనీ ఒక ఉద్యోగిని పెట్టుకుంటే జీతం మీద పీఎఫ్, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం), ఇన్సూరెన్సు, లాప్‌టాప్, సీటు, రిక్రూటర్ ఫీజు కూడా భరించాల్సి వచ్చేది.

పన్ను విషయానికి వస్తే, మీ పక్షాన ఉన్న బలమైన వాదన ఇక్కడే ఉంది, దాన్ని దాచను. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి; అయినా ఆడిటర్లందరి నోటా పాత నంబర్లే ఉన్నాయి కాబట్టి నేనూ అవే చెబుతాను. 44ఏడీఏ పేరుతో అందరికీ తెలిసిన నిబంధన ప్రకారం, ఇంజనీరింగ్, సాంకేతిక సలహా, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వంటి వృత్తుల్లో ఉన్నవాళ్లు తమ మొత్తం రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి, మిగతా సగాన్ని లెక్కల పుస్తకాలు లేకుండానే ఖర్చు కింద వదిలేయవచ్చు. రాబడి 50 లక్షల లోపు ఉండాలి. నగదు రూపంలో వచ్చేది 5 శాతానికి మించకపోతే 75 లక్షల దాకా వెళ్లవచ్చు. ఏడాదికి 24 లక్షల రాబడి అయితే ఆదాయం 12 లక్షలు. 2025-26 కొత్త విధానం స్లాబుల ప్రకారం, వడ్డీ వంటి ఇతర ఆదాయం లేకపోతే, పన్ను సున్నా. అదే 24 లక్షల సీటీసీ ఉద్యోగికి యాజమాన్యం వాటా పీఎఫ్, గ్రాట్యుటీ వగైరా తీసేసి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా సుమారు రెండు లక్షల నలభై వేలు పన్ను పడుతుంది. ముప్పై లక్షల రాబడికైనా ఆదాయం 15 లక్షలే కాబట్టి సెస్సుతో కలిపి 1,09,200 రూపాయలతో సరిపోతుంది.

ఈ లెక్క చూడగానే మీ మనసు రాజీనామా పత్రం మీదికి పోతుందని తెలుసు. కానీ ఈ మిగులు ప్రభుత్వం మీకు ఇచ్చినది, క్లయింటు ఇచ్చినది కాదు. 'మీకు పన్ను కలిసొస్తుంది కదండీ' అని రేటు తగ్గించే హెచ్‌ఆర్‌లు మాదాపూర్‌లో చాలామందే ఉన్నారు. రెండో సంగతి, మిగిలిందన్న ఆ డబ్బు కూడా వెంటనే చేతికి రాదు. ప్రొఫెషనల్ ఫీజు మీద 194జె కింద 10 శాతం టీడీఎస్ కోస్తారు (కేవలం సాంకేతిక సేవ అని తేలితే 2 శాతం, అది క్లయింటు ఆడిటర్ ఎలా చూస్తారన్న దాన్ని బట్టి ఉంటుంది). 24 లక్షల మీద 2 లక్షల 40 వేలు వాళ్ల దగ్గరే ఆగి, మీరు రిటర్ను వేసి, రీఫండు వచ్చేసరికి మరుసటి ఆర్థిక సంవత్సరంలో కొన్ని నెలలు గడిచిపోతాయి. తక్కువ టీడీఎస్ కోయమని ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలుంది, రెండో ఏడాది నుంచి దాన్ని వాడుకోండి. మొదటి ఏడాది కొన్ని నెలల జీతం, కొన్ని నెలల ఫీజు కలిసి వస్తాయి కాబట్టి పైన చెప్పిన సున్నా పన్ను మీకు రాదు. 44ఏడీఏలో ఉన్నవాళ్లు అడ్వాన్స్ టాక్సును మార్చి 15 లోపు ఒకేసారి కట్టవచ్చు. ఇవి కాక తెలంగాణ వృత్తి పన్ను, ఏడాదికి గరిష్ఠంగా 2,500 రూపాయలు.

ఇప్పుడు ఆ దూరం ఎంత ఉంటుందో ఒక ఇన్వాయిస్‌ను పట్టుకుని చూద్దాం. జూన్ 1న పని మొదలైంది, జూన్ 30న రెండు లక్షలకు ఇన్వాయిస్ పంపారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే 18 శాతం చొప్పున 36 వేలు కలిపి 2,36,000. మేనేజరు ఊళ్లో లేరు, జూలై 10న అప్రూవ్ చేశారు. ఇన్వాయిస్ మీద పర్చేజ్ ఆర్డర్ (పని అప్పగిస్తూ వాళ్లిచ్చే ఆర్డరు) నంబరు లేదని అకౌంట్స్ వాళ్లు వెనక్కి పంపారు. సరిచేసి 14న మళ్లీ ఇచ్చారు. ఒప్పందంలో 'అప్రూవ్ అయిన తేదీ నుంచి 45 రోజులు' అని ఉంది, కాబట్టి గడువు ఆగస్టు నెలాఖరు. వాళ్ల పేమెంటు రన్ నెలకు రెండుసార్లే ఉంటే సెప్టెంబరు మొదటి వారం. అప్పుడు ఖాతాలో పడేది 20 వేల టీడీఎస్ పోగా 2,16,000. అందులో 36 వేలు ప్రభుత్వానివి. మీవి 1,80,000. మధ్యలో జూన్ బిల్లు మీద జీఎస్టీ జూలై 20కీ, జూలై బిల్లు మీద జీఎస్టీ ఆగస్టు 20కీ కట్టాలి, ఎందుకంటే జీఎస్టీ ఇన్వాయిస్ ఇచ్చిన నెల లెక్కకు పడుతుంది, డబ్బు వచ్చిన నెల లెక్కకు కాదు. అంటే మొదటి రూపాయి చూడకముందే 72 వేలు మీ జేబులోంచి వెళ్లాయి, మూడు ఈఎంఐలు కట్టారు, పాప స్కూలు ఫీజు టర్ము కూడా వచ్చి పోయింది. ఇందులో ఎవరూ మోసం చేయలేదని గమనించండి. అంతా పద్ధతి ప్రకారమే నడిచింది.

ఈ దూరాన్ని తగ్గించే మార్గాలు కొన్ని మీ చేతిలోనే ఉన్నాయి. తెలంగాణలో సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఒక ఆర్థిక సంవత్సరంలో 20 లక్షల రాబడి. క్లయింటు పట్టుబట్టకపోతే, ఆ పరిమితి దగ్గరికి వచ్చేదాకా రిజిస్టర్ కాకుండా ఉండవచ్చు. నెలకు మూడు లక్షల మీద ఆరు నెలలకు 18 లక్షలే అవుతుంది. పొడిగింపు వస్తే తప్పదు. ఒప్పందంలో మాత్రం ఇప్పుడే 'వర్తించే జీఎస్టీ అదనం' అని రాయించండి. ఆ మాట లేకపోతే రేపు ఆ 18 శాతం మీ రేటులోంచే తీయాల్సి వస్తుంది. సొంత ఫ్లాటే కాబట్టి రిజిస్ట్రేషనుకు చిరునామా రుజువు మీకు ఇబ్బంది కాదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు కరెంటు బిల్లూ యజమాని అంగీకార పత్రమూ తెచ్చుకోవడమే ఒక యజ్ఞం, ఇంటిపన్ను కమర్షియల్‌కు మారుస్తారేమోనని కూకట్‌పల్లి ఇంటి యజమానులకు ఉన్న భయం అంతా ఇంతా కాదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు) మాత్రం సంతకం పెట్టకముందే చేయించుకోండి. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఖర్చు లేదు. దాన్ని చాలామంది బ్యాంకు లోను కోసమే అనుకుంటారు గానీ, మనలాంటి వాళ్లకు దాని అసలు విలువ 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టంలో ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థకు (నమోదయ్యాక మీరూ అలాంటి సంస్థే) కొనుగోలుదారు చెల్లించే గడువు ఒప్పందంలో ఏమి రాసుకున్నా 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఆ గడువు పని అందిన రోజు నుంచే నడుస్తుంది. పదిహేను రోజుల్లోగా వాళ్లు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెబితేనే లెక్క మారుతుంది. అంటే అప్రూవల్ పేరుతో నెలలు సాగదీయడానికి చట్టం దారి వదల్లేదు. వివాదం వస్తే సరఫరా చేసినవాళ్లు ఉన్న చోటి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కే (ఈ చట్టం కింద బకాయి వివాదాలు తేల్చే మండలి) అధికారం ఉంటుంది, కాబట్టి క్లయింటు రిజిస్టర్డ్ ఆఫీసు బెంగళూరులో ఉన్నా మీరు హైదరాబాద్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. నిజం చెప్పాలంటే, నడుస్తున్న క్లయింటు మీద ఎవరూ కౌన్సిల్‌కు వెళ్లరు, నేనూ వెళ్లలేదు. కానీ 2024 ఏప్రిల్ నుంచి మరో నిబంధన పనిచేస్తోంది: సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని కొనుగోలు కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. అందువల్ల వెండరు రిజిస్ట్రేషన్ ఫారంలో ఉద్యమ్ నంబరు కనపడితే అకౌంట్స్ విభాగం దాన్ని వేరే జాబితాలో పెట్టుకుని, ముఖ్యంగా మార్చి వచ్చేసరికి, తనంతట తానే కదులుతుంది. ఇన్వాయిస్ తల మీదే ఆ నంబరు వేయండి, దాని పక్కనే పర్చేజ్ ఆర్డర్ నంబరూ వేయండి.

ఒప్పందం ముసాయిదా వచ్చాక నాలుగు చోట్ల కళ్లు పెట్టి చదవండి. రద్దు నిబంధనలో తరచుగా వాళ్లకు ఏడు రోజులు, మీకు అరవై రోజులు అని ఉంటుంది. ఇద్దరికీ ముప్పై రోజులు చేయించండి. ఆరు నెలల కాంట్రాక్టు అని వాళ్లు నోటితో అన్నది కాగితం మీద ఏడు రోజుల కాంట్రాక్టుగా మారేది అక్కడే, మీరు రేటు తగ్గించడానికి ఒప్పుకున్న ఆధారమే దాంతో పోతుంది. కాపీరైటు సంగతి: ఉద్యోగి రాసిన కోడు యజమానిది, కానీ స్వతంత్ర కాంట్రాక్టరు రాసినది 1957 కాపీరైటు చట్టం ప్రకారం లిఖితపూర్వకంగా బదిలీ చేసేదాకా సాధారణంగా రాసినవాళ్లదే. కాలం రాయకపోతే ఐదేళ్లకు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికి మాత్రమే బదిలీ అయినట్టు లెక్క. క్లయింటు లాయరుకు ఇది తెలుసు కాబట్టి ఎలాగూ పూర్తి బదిలీ రాయిస్తారు. మీరు కోరవలసింది ఒక్కటే, 'ఆయా ఇన్వాయిస్ చెల్లింపు పూర్తయిన మీదట' అన్న మాట చేర్చడం. అంతకుముందే మీ దగ్గర ఉన్న సొంత లైబ్రరీలను మినహాయించమనండి. నష్టపరిహారం నిబంధనకు హద్దు పెట్టించండి, గత మూడు లేక ఆరు నెలల్లో మీకు చెల్లించిన ఫీజుకు మించకుండా. కాంట్రాక్టు ముగిశాక ఏడాది పాటు పోటీ కంపెనీలకు పనిచేయకూడదన్న షరతు మన 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు, దాని గురించి నిద్ర మానుకోనవసరం లేదు. కానీ గోప్యత షరతు నిలుస్తుంది, ఇప్పుడున్న కంపెనీతో మీరు రాసుకున్నది కూడా. రిలీవింగ్ లెటరు చేతికి వచ్చేదాకా కొత్త చోట ఒక్క లైను కోడు కూడా రాయవద్దు.

తేదీ విషయం గ్రాట్యుటీతో ముడిపడి ఉంది. ఐదేళ్లు నిండితే 80 వేల బేసిక్ మీద పదిహేను రోజుల చొప్పున, నెలకు 26 రోజుల లెక్కన, మీకు వచ్చేది కనీసం 2,30,769 రూపాయలు, పన్ను లేకుండా. నోటీసు కాలం కూడా సర్వీసే. ఈ రోజు రాజీనామా ఇచ్చి తొంభై రోజులూ పనిచేస్తే నాలుగేళ్ల ఎనిమిది నెలల దగ్గర ఆగుతారు. నాలుగేళ్ల 240 రోజులు నిండితే చాలునని మద్రాసు హైకోర్టు చెప్పింది, కొన్ని కంపెనీలు దాన్ని పాటిస్తాయి, కొన్ని ఐదేళ్లూ నిండాల్సిందేనంటాయి. మీరు ఆ గీత మీదే ఉన్నారు. రాజీనామా ఊసెత్తకుండా గ్రాట్యుటీ పాలసీ ఏమిటో హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి. ఐదేళ్లే అంటే, ఇప్పుడు వెళ్లడం వల్ల పోయేదాన్ని ఆరు నెలలకు పంచి చూడండి, నెలకు 38 వేల చిల్లర, దాదాపు మీ ఈఎంఐ అంత. నోటీసు బయౌట్ చేసి (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి) తొందరగా రమ్మని క్లయింటు అంటే నష్టం రెండింతలు: బయౌట్ డబ్బూ పోతుంది, సర్వీసూ తగ్గుతుంది.

పీఎఫ్ గురించి క్లుప్తంగా. పాత కంపెనీల పీఎఫ్ ఇక్కడికి బదిలీ అయి ఉంటే ఆ సర్వీసూ కలిసి ఐదేళ్లు దాటుతుంది కాబట్టి తీసినా పన్ను పడదు, కానీ తీయవద్దు. ఉద్యోగం మానేశాక వచ్చే వడ్డీ మీద పన్ను ఉంటుందని మాత్రం గుర్తుంచుకోండి. పాత కంపెనీల ఖాతాలన్నీ ఒకే యూఏఎన్ (మీ పీఎఫ్ సభ్యత్వ నంబరు) కిందికి బదిలీ అయ్యాయో లేదో ఇప్పుడే చూడండి. పెన్షన్ పథకంలో మీ సర్వీసు పదేళ్లు దాటితే 58 ఏళ్లకు పెన్షన్ అర్హత నిలుస్తుంది, కానీ 2014 సెప్టెంబరు తర్వాత 15 వేలకు మించిన బేసిక్‌తో కొత్తగా చేరినవాళ్లకు ఆ పథకమే లేదు. పాస్‌బుక్‌లో పెన్షన్ గడిలో నెలకు 1,250 పడుతూ ఉంటే మీరు అందులో ఉన్నట్టే.

నన్ను అడిగితే, మీ విషయంలో అన్నిటికంటే కష్టమైనది తల్లిదండ్రుల ఇన్సూరెన్సు. రేటు బేరం ఆడవచ్చు, పన్ను ఆడిటర్ చూసుకుంటారు, కానీ షుగరూ బీపీ ఉన్న అరవై దాటిన మనిషికి కొత్త పాలసీ ఇవ్వమంటే ఇన్సూరెన్సు కంపెనీ మెడికల్ టెస్టుల దగ్గరే ఆగిపోతుంది. గ్రూపు కవరు సాధారణంగా మీ ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. గ్రూపు పాలసీ నుంచి అదే ఇన్సూరెన్సు కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారే వీలుంది, అలా మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు క్లెయిమ్ ఇవ్వని తొలి కాలం) కలిసి వస్తుంది. దరఖాస్తు కనీసం 45 రోజుల ముందు ఇవ్వాలనుకుని పని మొదలుపెట్టండి. ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లేనని 2024లో నిబంధన మారింది. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు. ఈ రెండూ మీకు కలిసొచ్చేవే. మీకు, భార్యకు, పాపకు వేరే ఫ్యామిలీ ఫ్లోటరూ (కుటుంబమంతటికీ కలిపి ఒకే ఆరోగ్య పాలసీ), మీ పేరున ఒక టర్మ్ పాలసీ కూడా జీతం స్లిప్పులు చేతిలో ఉండగానే తీసుకోండి. అమ్మానాన్నల పాలసీ చేతికి వచ్చేదాకా రాజీనామా మెయిల్ డ్రాఫ్టులోనే ఉండనివ్వండి.

బ్యాంకు దగ్గర కూడా ఇదే న్యాయం. మీరు కాంట్రాక్టరు అయిన మరుసటి రోజు నుంచి బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి, 44ఏడీఏ వేసినవాళ్లకు ఆ రిటర్నులో ఆదాయం సగమే కనిపిస్తుంది. హోమ్‌లోన్ టాప్ అప్, వడ్డీ తక్కువ ఉన్న బ్యాంకుకు మార్పు, ఇంకో క్రెడిట్ కార్డు, ఏదైనా అవసరమనుకుంటే ఉద్యోగంలో ఉండగానే. చేతిలో ఎంత నిల్వ ఉండాలన్నదానికి ఆరు నెలల ఖర్చు అని అందరూ చెప్పే మాట ఉంది. మీకు అది చాలదు. మొదటి చెల్లింపుకు మూడు నెలలు, ఆరు నెలల కాంట్రాక్టు పొడిగించకపోతే తర్వాతి పని దొరకడానికీ దాని మొదటి చెల్లింపు అందడానికీ మరో ఆరు నెలలు. ఈఎంఐతో కలిపి ఇంటి ఖర్చు నెలకు లక్ష అనుకుంటే తొమ్మిది లక్షలు ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి, షేర్లలో ఉన్నది లెక్కలోకి రాదు. మీ భార్య జీతాన్ని ఈ లెక్కలో కలపకండి. అది మీ ఇద్దరికీ ఊపిరి.

పెళ్లిళ్లలో 'ఏ కంపెనీ బాబూ?' అన్న ప్రశ్నకు జవాబు ఆలోచించుకోండి, మామగారి వైపు నుంచి అది తప్పకుండా వస్తుంది. అంతకంటే పట్టించుకోవలసిన విషయం, ఒకే క్లయింటుతో మీరు రోజంతా ఉంటే అది హక్కులు లేని ఉద్యోగమే అవుతుంది. ఆరు నెలల్లో నాలుగో నెల నుంచే, వారానికి ఐదు రోజుల పనిని నాలుగు రోజులకు తగ్గించి రోజు రేటు అలాగే ఉంచుతారా అని అడగండి. ఆ ఐదో రోజు రెండో క్లయింటును వెతుక్కోవడానికి. మీ పాత మేనేజర్లలో కనీసం ముగ్గురు ఇప్పుడు వేరే కంపెనీల్లో, బహుశా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చుట్టూ ఉన్న జీసీసీల్లో (విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత కేంద్రాల్లో) ఉండే ఉంటారు. నాకు తెలిసి రెండో పని వచ్చేది అక్కడి నుంచే, ఫ్రీలాన్స్ వెబ్‌సైట్ల నుంచి కాదు.

కాబట్టి ఈ వారం క్లయింటుకు ఇలా రాయండి: నెలకు మూడు లక్షలు, వర్తించే జీఎస్టీ అదనం, ఇన్వాయిస్ తేదీ నుంచి ముప్పై రోజుల్లో చెల్లింపు, ఇరువైపులా ముప్పై రోజుల నోటీసు, పని మొదలయ్యేది రాజీనామా ఇచ్చిన తొంభై రోజులకు. వాళ్లు రెండు లక్షల డెబ్బై అయిదు వేల దగ్గర ఆగి, ముప్పై రోజుల చెల్లింపు ఒప్పుకుంటే వెళ్లండి. రేటులో ఇచ్చిన తగ్గింపు మీకు చేతికందే వేగంలో తిరిగి వచ్చింది. మూడు లక్షలిచ్చి అరవై రోజులంటే, ఉద్యమ్ నంబరు చూపించి నలభై అయిదుకు దింపి, మొదటి నెల ఫీజులో సగం అడ్వాన్సుగా అడగండి. రెండు లక్షల దగ్గరే కూర్చుంటే మర్యాదగా వద్దని చెప్పి, ఇంకో నాలుగు నెలలు ఉద్యోగంలోనే ఉండండి. అప్పటికి రాజీనామా ఇచ్చి నోటీసు పూర్తి చేస్తే ఐదేళ్లు నిండుతాయి, అమ్మానాన్నల పాలసీ నడుస్తూ ఉంటుంది, ఈ కంపెనీ కాకపోతే మరొకటి అదే పని కోసం ఫోన్ చేస్తుంది.